ఇష్టపూర్వకంగా

ముప్పై రోజుల్లో ఇంగ్లీషు నేర్పుతామని బయట బోర్డు మీద పెద్దక్షరాలతో రాసి ఉంటుంది. నేర్పేవాళ్ల గొంతు ఎన్నాళ్లు నిలుస్తుందన్నది మాత్రం ఎక్కడా రాసి ఉండదు. మేడమ్ గొంతు ఈ బ్యాచ్‌లో పంతొమ్మిదో రోజుకే మూలపడింది. ఇవాళ ఇరవై ఐదో రోజు, సోమవారం. పొద్దున తొమ్మిదికి మెట్లెక్కి వచ్చి "గుడ్ మార్నింగ్" అందామని నోరు తెరిస్తే, నూనె లేని తలుపు చప్పుడు లాంటిదేదో వచ్చింది గానీ మాట రాలేదు. క్లాసులో వాళ్లంతా లేచి నిలబడి, ఆమె అనవలసింది కూడా తామే కలిపి అనేశారు.

ఆ హాలు కింద టైర్లు బాగుచేసే షాపుంది. కింద కంప్రెసర్ మొదలైందంటే పైన ఇంగ్లీషు ఆగిపోవాలి. ఆ నిమిషమున్నరలో మేడమ్ ఫ్లాస్కులోంచి గోరువెచ్చటి నీళ్లు రెండు గుక్కలు తాగుతుంది. పదకొండేళ్లుగా ఆమె గొంతును కాపాడింది ఏ డాక్టరూ కాదు, ఆ కంప్రెసరే. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా, మధ్యలో టీకి ఒకసారి, భోజనానికి ఒకసారి తప్ప నోటికి సెలవు లేదు. చెప్పిందే చెప్పాలి, చెప్పించిందే చెప్పించాలి. ఎదురుగా ఉన్నవాళ్లేమో పిల్లలు కాదు. బస్సు నడిపే డ్రైవరు, ముప్పై ఏళ్లుగా కోట్లు కుడుతున్న టైలర్ మాస్టారు, పెద్ద కంపెనీ క్యాంటీన్లో వంటమనిషి, ఆఫీసు గేటు దగ్గర నిలబడే వాచ్‌మన్, ఇంకా ఇలాంటివాళ్లే ఇరవై ఇద్దరు. ఎవరి పని వాళ్లు కళ్లు మూసుకుని చేయగలరు. ఉన్నట్టుండి ఒకనాడు పైవాళ్లకు బుద్ధి పుట్టి, ఇంగ్లీషు పరీక్ష రాసిరమ్మన్నారు. దాంతో కాలేజీ పిల్లల కొలతకు చేయించిన కుర్చీల్లో ఇరుక్కుని కూర్చున్నారు. టైలర్ మాస్టారు లేచినప్పుడల్లా కుర్చీ కూడా ఆయనతో పాటే లేస్తుంది. డ్రైవరు రెండు చేతులతో దాన్ని ఊడదీసి కింద పెడతాడు. ఈ తతంగానికి మొదటి వారం అందరూ నవ్వారు. ఇప్పుడు ఎవరూ తలెత్తి కూడా చూడటం లేదు.

గోడ పక్క రెండో వరసలో ఆయమ్మ కూర్చుంటుంది. పిల్లల ఆసుపత్రిలో ఇరవై రెండేళ్లుగా ఆయా. ఇంట్లో కూడా ఆయమ్మ అనే పిలుస్తారట, అసలు పేరు అటెండెన్సు రిజిస్టర్లో తప్ప ఎక్కడా పలకదు. ఆసుపత్రి ఈమధ్య చేతులు మారింది. కొత్తవాళ్లు వచ్చీ రాగానే, వార్డులో పిల్లల్ని ముట్టుకునే ప్రతివాళ్లూ ఈ పరీక్ష రాయాల్సిందేనన్నారు. పొద్దున ఇక్కడ కూర్చుని, సాయంత్రం ఐదింటికి వార్డు డ్యూటీ ఎక్కుతుంది ఆయమ్మ. రాయడం మొదలుపెట్టే ముందు, థర్మామీటరు దులిపినట్టు పెన్నును రెండుసార్లు దులుపుతుంది. "అది పెన్నక్కా, జ్వరం చూడక్కర్లేదు" అంటాడు డ్రైవరు. "నీకు చూడాలి తమ్ముడూ, పొద్దుటి నుంచీ ఒక్క ఇంగ్లీషు ముక్క మాట్లాడలేదు" అంటుంది ఆయమ్మ. మాటకు మాట అంటించడంలో ఆమెకు ఆమే సాటి. ఆ నోరే ఇంగ్లీషు దగ్గరికి వచ్చేసరికి అడుగు అడుగుకీ ఆగుతుంది. ప్రశ్న వింటుంది, అర్థం చేసుకుంటుంది, జవాబు లోపల కూర్చుకుంటుంది. ఈలోగా పరీక్షలో ఇచ్చే ముప్పై సెకన్లు అయిపోతాయి.

ఇరవై ఐదో రోజుకి ఈ సంస్థలో ఒక పద్ధతుంది. డైరెక్టరు ఎవరెవరు పరీక్షకు వెళ్లాలో లిస్టు తయారు చేయిస్తాడు. పరీక్ష పోయేలా ఉన్నవాళ్ల చేత ఒక కాగితం మీద సంతకం పెట్టిస్తారు. నేను పరీక్షకు సిద్ధంగా లేనని స్వయంగా గుర్తించి, ఎవరి ఒత్తిడీ లేకుండా, ఇష్టపూర్వకంగా తప్పుకుంటున్నాను, దీని గురించి సంస్థను ఏమీ అడగను అని అందులో ఉంటుంది. అంతా ఇంగ్లీషులోనే. ఫెయిలయ్యేవాళ్లు పరీక్షకే వెళ్లరు కాబట్టి, బయట బోర్డు మీద నూటికి నూరు అన్న అంకె పదకొండేళ్లుగా చెక్కుచెదరలేదు. మాట్లాడితే ఆ అంకె ఎత్తుతాడని క్లాసులో వాళ్లు డైరెక్టరుకి నూటికినూరు అనే పేరు పెట్టుకున్నారు. ఆయనకి ఆ సంగతి తెలుసు, లోపల్లోపల సంతోషం కూడా.

ఆ కాగితాలు ముందు పెట్టి సంతకాలు తీసుకునే పని మాత్రం మేడమ్‌ది. ఎవరు పోతారో ఆమెకే కదా తెలిసేది. మొదట్లో రెండు మూడు బ్యాచ్‌లు మనసుకి కష్టంగానే ఉండింది. తర్వాత ఆమె ఒక సమాధానం చెప్పుకుంది. ఈ వయసులో, పది మందిలో ఫెయిలయ్యామనిపించుకునే బాధ వీళ్లకి తప్పుతుంది కదా అని. ఆ సమాధానం బాగానే అతుక్కుంది. చెప్పుకోగా చెప్పుకోగా నిజమే అనిపించింది కూడా.

ఈసారి నలుగురు. టైలర్ మాస్టారు, వంటమనిషి, వాచ్‌మన్, ఆయమ్మ. టీ తాగాక వాళ్ల నలుగురినీ చేత్తో సైగ చేసి ముందుకు పిలిచింది. కాగితాలు బల్ల మీద పరిచి, సంతకం పెట్టాల్సిన చోట వేలు పెట్టి చూపించింది.

"పరీక్షకు సంబంధించిందేనా మేడమ్?" అని అడిగాడు వాచ్‌మన్.

మేడమ్ తల ఊపింది. అబద్ధమేం కాదు, పరీక్షకు సంబంధించిందే. గొంతు ఉండుంటే ఇంకేమైనా చెప్పేదా అంటే, గొంతున్న రోజుల్లో కూడా ఏనాడూ చెప్పలేదు.

ముగ్గురూ గబగబా పెట్టేశారు. ఆయమ్మ మాత్రం పెన్ను దులిపి, పెదవి కొరుక్కుంటూ, ఒక్కో అక్షరం ఇంగ్లీషులో రాసింది. ఈ హాల్లో నేర్చుకున్న అక్షరాలే. ఆసుపత్రిలో ఇప్పటికీ ఆమె సంతకం మన అక్షరాల్లోనే. రాసి, కాగితం మేడమ్ వైపు తిప్పి, "తప్పుల్లేవు కదా మేడమ్?" అంది.

మేడమ్ అక్షరాలు చూసింది. తప్పుల్లేవు. చూపుడువేలూ బొటనవేలూ కలిపి బాగుందన్నట్టు చూపించింది. ఆయమ్మ మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు చూడలేక మేడమ్ కాగితాలు సర్దుకుంటున్నట్టు తల దించుకుంది.

మర్నాడు మంగళవారం ఆయమ్మ రెండు పెద్ద బిస్కెట్ ప్యాకెట్లు తెచ్చింది. టీ వేళకి కాగితం మీద పోసి అందరికీ పంచింది. ఏంటక్కా విశేషం, మనవడు పుట్టాడా అన్నాడు డ్రైవరు. మేడమ్ దగ్గరికి వచ్చేసరికి ఆయమ్మ గొంతు తగ్గించింది.

"నిన్న సంతకం అయ్యాక వార్డుకెళ్లి హెడ్ నర్సుకి చెప్పాను మేడమ్. పరీక్ష కాగితం మీద సంతకం పెట్టేశాను, శనివారమే రాయడం అని. ఆవిడ పోనీలే ఆయమ్మా, గండం గడిచింది అంది."

పాసవుతావని ఆవిడకంత నమ్మకమా అని అడగబోయి, గొంతు రాక, మేడమ్ కళ్లతోనే అడిగింది. ఆయమ్మకి అర్థమైంది.

"పాసవడం సంగతి దేవుడెరుగు మేడమ్. నాకూ తెలుసు నా సంగతి. ఫెయిలైతే ఇంకో మూడు నెలలు గడువిస్తారట. మళ్లీ రాసుకోవచ్చు. అసలు ఈ నెలాఖరులోగా ఒకసారన్నా రాయనివాళ్ల పేరు మాత్రం కొట్టేస్తారట. అందుకే భయం. పాసో ఫెయిలో, రాసినట్టు కాగితం ఉంటే చాలు. దానికి పేరు కట్టడం మీ చేతుల మీద అయిపోయింది." ఆయమ్మ బిస్కెట్ తీసి మేడమ్ చేతిలో పెట్టింది. "టీలో ముంచుకుని తినండి, గొంతులో గుచ్చుకోదు."

మేడమ్ చేతిలో బిస్కెట్ అలాగే ఉండిపోయింది. కాళ్ల కింద ఏదో కదిలినట్టయింది. కింద కంప్రెసర్ అనుకుంది గానీ కంప్రెసర్ ఆగే ఉంది. పదకొండేళ్లలో ఎన్ని సంతకాలు తీసుకుందో లెక్క లేదు. ఆ సంతకం పెట్టి మెట్లు దిగిపోయినవాళ్ల ఉద్యోగాలు ఏమయ్యాయని ఒక్కరిని, ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు. అవమానం తప్పిస్తున్నాననుకుంది. కూడు తప్పిస్తున్నానేమోనన్న ఆలోచన ఒక్కనాడూ రాలేదు.

భోజనాల వేళ డైరెక్టరు గదిలోకి వెళ్లింది. గది అంటే హాలుకి ఓ మూల ప్లైవుడ్ అడ్డం కొట్టించినదే. అవతల ఎవరైనా తుమ్మితే ఇవతల వినబడుతుంది. ఆయన టిఫిన్ బాక్సు మూత తీస్తూ ఆగి, కుర్చీ చూపించాడు. మర్యాదలో లోపం చేయడు. మేడమ్ గొంతు పెగలక, పుస్తకంలోంచి చించిన చీటీ మీద రాసి చూపించింది. ఆయమ్మను పంపకపోతే ఉద్యోగం పోతుంది. పంపుదాం.

ఆయన చీటీ చదివి, నిట్టూర్చాడు.

"మీరు బాగా అలిసిపోయారు మేడమ్. నాకు కనబడుతూనే ఉంది. ఆవిడ మీద జాలి నాకూ ఉంది. కానీ పదికి ఐదు రావాలి, ఆవిడకి వస్తాయా? మీరే చెప్పండి."

మేడమ్ తల అడ్డంగా ఊపింది. రావు.

"మరి? ఆ బోర్డు చూసే కదా జనం మెట్లెక్కేది. అది నూటికి తొంభై ఐదైతే, పక్క వీధిలో నూటికి తొంభై ఆరువాడి దగ్గరికి పోతారు. అప్పుడు మీరూ లేరు, నేనూ లేను. అయినా మనం బలవంతం చేశామా? ఆవిడే ఇష్టపూర్వకంగా పెట్టింది కదా సంతకం. గురువారం సాయంత్రం లిస్టు పంపిస్తాను. ఈ రెండు రోజులూ మీరు గొంతు చూసుకోండి." ఆయన టిఫిన్ బాక్సులోంచి ఒక గిన్నె ఆమె వైపు జరిపాడు. "తింటారా?"

కోపగించుకుని అరిచే మనిషైతే కనీసం తిరిగి అరవాలనైనా ఉంటుంది. ఇలా గిన్నె జరిపేవాళ్లతో ఏం చేయాలో మేడమ్‌కి ఎప్పుడూ తెలియలేదు. చేయి అడ్డంగా ఊపి వచ్చేసింది. మధ్యాహ్నమంతా పాఠం చెబుతూనే ఉంది గానీ, గోడ పక్క రెండో వరస వైపు చూడలేదు.

ఇంటికి వెళ్లేసరికి అత్తగారు వరండాలో కుర్చీ వేసుకుని కోడలి కోసమే కాచుకుని ఉంది. ఆవిడకి చెముడు. ఈవిడకి గొంతు లేదు. ఆ ఇంట్లో సాయంకాలం పూట కబుర్లు ఎలా సాగుతాయో ఊహించుకోవచ్చు. పైగా పెద్దావిడకి కళ్లల్లో పొరలు, వచ్చే వారం ఆపరేషను. ఆసుపత్రి వాళ్లు ఇచ్చిన ఒప్పుకోలు కాగితం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"వీడు సంతకం పెట్టెయ్యమంటాడు. ఏముందిరా ఇందులో అంటే చెప్పడు" అంది కొడుకుని చూపిస్తూ.

మేడమ్ భర్త అప్పటికే విసిగిపోయి ఉన్నాడు. "అందరూ పెట్టేదేనమ్మా. ఎవరూ చదవరు. ఊరికే పెట్టేస్తారు."

"నా కన్నురా అది. అందరిదీ కాదు. ఇదిగో, నువ్వు చదువు" అని కాగితం కోడలి చేతికిచ్చి, చెవి దగ్గర అరచెయ్యి పెట్టుకుని సిద్ధమైపోయింది.

మేడమ్‌కి ఏడుపొచ్చినంత పనైంది. కుర్చీ దగ్గరికి లాక్కుని, అత్తగారి చెవికి నోరు ఆనించి, ఉన్న ఆ జీర గొంతుతోనే మొదలుపెట్టింది. రెండు పేజీలు. మధ్యలో మూడుసార్లు దగ్గు. పెద్దావిడ ప్రతి వాక్యానికీ "ఊ" కొట్టింది. ఏదైనా జరగరానిది జరిగితే ఆసుపత్రికి బాధ్యత లేదన్న చోట చేయి పట్టుకుని ఆపింది.

"మరి ఎవరికుంటుందట?"

"తెలీదత్తయ్యా."

"తెలీదా. సరే, తెలీదని చెప్పావు, బాగుంది. తర్వాతది చదువు."

అంతా అయ్యాక మొదటి పేజీ మళ్లీ చదివించుకుంది. అప్పుడు పెన్ను తీసుకుని, కనీ కనబడని కళ్లతో గీత వెతుక్కుంటూ సంతకం పెట్టింది. "పోతే పోయింది కన్ను. తెలిసి పెట్టాను" అని కాగితం మడిచి కొడుకు మొహాన పెట్టినంత పని చేసింది. భర్త నవ్వాడు. మేడమ్ నవ్వలేదు. ఉప్పునీళ్లు పుక్కిలించడానికి పెరట్లోకి వెళ్లి, గ్లాసు పట్టుకుని, నీళ్లు చల్లారిపోయేదాకా అక్కడే నిలబడింది. సిగ్గు వేసింది ఆమెకి. ఇరవై ఆరు రోజులుగా ఒక్కో మాటా విడమరచి చెబుతున్న తను, చెప్పాల్సిన ఒక్క కాగితం దగ్గర గొంతు పోయిందన్న వంక పెట్టుకుని తల ఊపి ఊరుకుంది.

బుధవారం పొద్దున క్లాసులో వాళ్లు వచ్చేసరికే మేడమ్ బోర్డు ముందు నిలబడి రాస్తోంది. మార్కరు ఆరిపోయి, ప్రతి రెండు మాటలకీ దాన్ని విదిలించాల్సి వచ్చింది. కాగితంలో ఉన్నదున్నట్టు, మొదటి అక్షరం నుంచి చివర సంతకం గీత దాకా బోర్డంతా నింపింది. ఆయమ్మను పక్కకి పిలిచి, ఇదమ్మా జరిగింది అని చెబితే సరిపోయేది. కానీ మొహం మొహం చూసి చెప్పే ధైర్యం లేకపోయింది. పాఠమైతే చెప్పగలదు. పదకొండేళ్లుగా తెలిసిన పని అదొక్కటే.

ఇవాళ చదవడమే అన్నట్టు కళ్లనీ బోర్డునీ చూపించింది. అలవాటు ప్రకారం ఒక్కొక్కరూ ఒక్కో ముక్క. డ్రైవరు మొదటి వాక్యం చదివి అర్థం చెప్పాడు. "నేను, అంటే ఈ కింద సంతకం పెట్టేవాడు..." రెండో వాక్యం దగ్గర ఒత్తిడి అన్నదానికి వాడిన ఇంగ్లీషు మాట ఎవరికీ తెలియలేదు. మేడమ్ వాచ్‌మన్ భుజం మీద రెండు చేతులూ వేసి కిందికి నొక్కింది. "అదుముతున్నారు!" అన్నాడు వంటమనిషి. "ఎవరూ అదమకుండానే" అని సరిచేశాడు టైలర్ మాస్టారు. అందరికీ హుషారొచ్చింది. చిక్కుముడి విప్పుతున్నట్టు ఒకరు వదిలిన చోట ఇంకొకరు అందుకున్నారు. 

 ఆయమ్మ తన వంతు రాకముందే బోర్డు మీద మొత్తం చదువుకుంటోంది. పెదవులు కదులుతున్నాయి. చివరి గీత దగ్గరికి వచ్చి ఆగింది. మళ్లీ మొదటికెళ్లింది. ఈసారి చదవడం అయ్యాక లేచి నిలబడింది.

"మొన్న మేం పెట్టింది దీని మీదే కదా మేడమ్?"

 టైలర్ మాస్టారు బోర్డు వైపు కొత్తగా చూసినట్టు చూశాడు.

"అవును" అంది మేడమ్. బొంగురుగానే, కానీ వినబడేలా.

"అంటే శనివారం నేను రాయడం లేదు."

"లేదు."

ఆయమ్మ ఏడవలేదు. ఏడిస్తే బాగుండుననిపించింది మేడమ్‌కి. "మొదటి రోజు నుంచీ ప్రతి మాటకీ అర్థం చెప్పారు" అంది ఆయమ్మ నెమ్మదిగా. "గొంతు లేకపోయినా చేతులతో చెప్పారు. భుజాలు నొక్కి చెప్పారు. దీనికి మాత్రం మొన్న ఎందుకు చెప్పలేదు?"

మేడమ్ మార్కరు బల్ల మీద పెట్టింది. చెప్పడానికి చాలానే ఉన్నాయి. బయట బోర్డు మీది అంకె, బ్యాచ్‌కి బ్యాచ్‌కీ మధ్య వేలాడే తన ఉద్యోగం, అవమానం తప్పుతుందన్న ఆ పాత సమాధానం. ఒక్కటీ నోటి దాకా రాలేదు. "భయపడ్డాను" అంది. "తప్పు చేశాను, ఆయమ్మా."

ఆయమ్మ చీర చెంగు నడుముకి చుట్టింది. వార్డులో పిల్లాడు వాంతి చేసుకుంటే ఎలా చుట్టుకుంటుందో అలాగే అయి ఉంటుంది. కుర్చీల మధ్య నుంచి బయటికొచ్చి తిన్నగా ప్లైవుడ్ గది తలుపు దగ్గరికి నడిచింది. వెనక టైలర్ మాస్టారు లేచాడు, ఆయనతో పాటు కుర్చీ లేచింది. డ్రైవరు దాన్ని ఊడదీశాడు. వంటమనిషీ వాచ్‌మనూ కూడా బయల్దేరారు. అందరి వెనకా మేడమ్.

"మే ఐ కమిన్ సర్?" అంది ఆయమ్మ. మొదటి రోజు నేర్పిన మాట.

డైరెక్టరు తలెత్తి నవ్వబోయి, ఆమె వెనక ఉన్నవాళ్లను చూసి ఆగాడు. ప్లైవుడ్ అవతల పాఠమంతా ఆయనకీ వినబడే ఉంటుంది.

"సర్. గివ్ మై పేపర్" అంది ఆయమ్మ.

"రండి, కూర్చోండి ఆయమ్మా. ఏదైనా ఉంటే మన భాషలోనే చెప్పండి, పర్వాలేదు."

"నో సర్." ఆయమ్మ కూర్చోలేదు. ఒక చేత్తో ఇంకో చెయ్యి పట్టుకుంది. "మండే ఐ సైన్. ఐ నాట్ రీడ్. టుడే ఐ రీడ్. ఐ నాట్ లైక్. గివ్ మై పేపర్."

"అది కాదమ్మా, మీ మంచికే. ఫెయిలైతే మీకే కదా..."

"సర్. గివ్."

ఆయన మేడమ్ వైపు చూశాడు. ఇదంతా మీ నిర్వాకమా అన్నట్టుంది ఆ చూపు. "లిస్టు వెళ్లిపోయిందండీ. ఇక నా చేతుల్లో లేదు."

"వెళ్లలేదు" అంది మేడమ్.

ఆ మాట అంత గట్టిగా ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. సగంలో పగిలింది, అయినా గదంతా వినబడింది. "రేపు సాయంత్రం వెళ్తుంది. మీరే చెప్పారు. కాగితాలు సొరుగులో ఉన్నాయి."

 ఆయన సొరుగు లాగి, నాలుగు కాగితాలు తీసి, పేకముక్కల్లా బల్ల మీద పడేశాడు. ఆయమ్మ తనది వెతికి తీసుకుంది. సంతకం గీత మీద తన ఇంగ్లీషు అక్షరాలను ఒక క్షణం చూసుకుని, అడ్డంగా రెండు ముక్కలు చేసింది. టైలర్ మాస్టారూ వంటమనిషీ చించలేదు, మడిచి జేబుల్లో పెట్టుకున్నారు. మిగిలిన ఒక్క కాగితాన్నీ వాచ్‌మన్ చేతిలోకి తీసుకుని, పైనుంచి కింద దాకా చదివి, మళ్లీ బల్ల మీద పెట్టేశాడు.

"నాది ఉండనివ్వండి సార్. నాకు నిజంగానే ఇంకా రాదు. మా ఆఫీసులో తొందర కూడా లేదు. వచ్చే నెల రాస్తాను." కొంచెం ఆగి, "ఇప్పుడు చదివే ఇస్తున్నాను" అన్నాడు.

పదకొండేళ్లలో అందులో రాసినట్టు ఇష్టపూర్వకంగా ఇచ్చింది ఆ ఒక్కడే అయి ఉంటాడు.

బయటికొచ్చాక ఆయమ్మ దగ్గరున్న కుర్చీలో కూర్చుంది. మేడమ్ ఫ్లాస్కు మూతలో నీళ్లు పోసి ఇచ్చింది. పుచ్చుకుంటుందో లేదోనని భయపడింది గానీ పుచ్చుకుంది.

"మన భాషలో చెప్పమంటే చెప్పొచ్చుగా అక్కా, ఇంకా గట్టిగా దులిపేదానివి" అన్నాడు డ్రైవరు.

ఆయమ్మ తల అడ్డంగా ఊపింది. "దులపలేను తమ్ముడూ. మన మాటల్లో అయితే పెద్దవాళ్ల ముందు నోరు తెరవగానే అయ్యా, మీ దయ, మీ కాళ్లకు దండం అని వచ్చేస్తుంది. ఇరవై రెండేళ్ల అలవాటు. ఇంగ్లీషులో మేడమ్ నాకవి నేర్పలేదు. గివ్ ఒక్కటే వచ్చు." నీళ్లు తాగి మూత తిరిగిచ్చింది. మేడమ్ వైపు మాత్రం ఇంకా చూడలేదు.

సాయంత్రం అందరూ వెళ్లాక డైరెక్టరు గదిలోంచి బయటికి వచ్చాడు. "వచ్చే బ్యాచ్ సంగతి నేను చూసుకుంటాను మేడమ్. మీరు గొంతుకి బాగా విశ్రాంతి ఇవ్వండి" అన్నాడు, ఎప్పటి మర్యాదతోనే. ఎన్నాళ్లు విశ్రాంతి అని మేడమ్ అడగలేదు. చెప్పనక్కర్లేకుండానే తెలిసింది. బోర్డు తుడవడానికి గుడ్డ తీసి, ఒక్క నిమిషం ఆలోచించి, తుడవకుండా దిగి వెళ్లిపోయింది.

గురు, శుక్రవారాలు ఆయమ్మ క్లాసులో అడిగినదానికి జవాబు చెప్పింది, అంతే. బిస్కెట్లూ లేవు, గొంతుకి చిట్కాలూ లేవు. మేడమ్ కూడా క్షమించమని మళ్లీ అడగలేదు. ముప్పై సెకన్లలో నోరు తెరవడం ఒక్కటే పదేపదే చేయించింది. వాచీ పట్టుకుని కూర్చుని, తప్పో ఒప్పో ఏదో ఒకటి అనమని చేతులతో తొందరపెట్టింది. అంతకంటే ఇవ్వడానికి ఆమె దగ్గర ఏమీ మిగల్లేదు.

శనివారం పరీక్ష వేరే చోట. పెద్ద భవనంలో నాలుగో అంతస్తు, చల్లటి గది, వరసగా కంప్యూటర్లు, చెవులకి పెట్టుకునేవి. మేడమ్ ఏ బ్యాచ్‌కీ పరీక్ష దాకా వెళ్లలేదు, పాసయ్యేవాళ్ల కోసం వెళ్లాల్సిన అవసరం ఏముంది. ఈసారి పొద్దున్నే వెళ్లి బయట బెంచీ మీద కూర్చుంది. అద్దం తలుపులోంచి ఆయమ్మ వీపు కనబడుతోంది. పక్కనవాళ్లంతా గడగడా మాట్లాడుతున్నారు. ఆయమ్మ మెడ నిటారుగా ఉంది, తల కదలడం లేదు. మాట్లాడుతోందో లేదో ఇక్కడి నుంచి తెలియడం లేదు. ఆమె కోసం మేడమ్ ఇక చేయగలిగిందంటూ ఏమీ లేదు, కనీసం చేతులు ఊపి చూపించడానికి కూడా వీల్లేదు. కూర్చుని చూసింది.

అరగంట తర్వాత ఫలితాల కాగితాలు కిటికీ దగ్గర ఒక్కొక్కటే ఇచ్చారు. డ్రైవరు పాస్. టైలర్ మాస్టారు పదికి సరిగ్గా ఐదు తెచ్చుకుని, నమ్మలేక కిటికీలోని అమ్మాయిని రెండుసార్లు అడిగాడు. వంటమనిషి కూడా గట్టెక్కాడు. ఆ ముగ్గురి సందడి తగ్గాక ఆయమ్మ వచ్చింది. కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని, తడుముకోకుండా పైనుంచి కింద దాకా తానే చదువుకుంది. పక్కకి వచ్చి మేడమ్ ముందు నిలబడింది.

"నాలుగు" అంది.

"ఒక్కటే తగ్గింది" అంది మేడమ్. గొంతు ఇంకా పూర్తిగా రాలేదు. "ఒక్కటంటే ఒక్కటి. నేనే ఇంకొంచెం ముందు నుంచీ..."

"ఆగండి మేడమ్." ఆయమ్మ సంచిలోంచి ఫోను తీసి ఆమె చేతిలో పెట్టింది. బుధవారం తర్వాత ఆమె మొహంలోకి సూటిగా చూడటం ఇదే మొదటిసారి. "ముందిది ఫోటో తియ్యండి. హెడ్ నర్సు డ్యూటీ దిగకముందే పంపించాలి. రాశానని తెలియాలి కదా."

కాగితాన్ని గుండెల దగ్గర పట్టుకుని నిలబడింది. జుట్టు సవరించుకుంది. మేడమ్ ఫోను ఎత్తితే తెర మసకబారినట్టు కనబడింది, కళ్లు తుడుచుకుంటే సరిపోయింది. ఆ సంస్థ నుంచి పదకొండేళ్లలో పరీక్షకు వెళ్లి ఫెయిలైన మొట్టమొదటి మనిషి ఆమె ఎదురుగా నిలబడి, కాగితం వంకరగా ఉందేమోనని సరిచేసుకుంటోంది.

"ఇలా చూపించండి" అని ఆయమ్మ ఫోను లాక్కుని, తీసిన ఫోటో చూసుకుని, పెదవి విరిచింది. "నా మొహం ఎవరిక్కావాలి మేడమ్? ఇదిగో, ఇక్కడ ఫెయిల్ అని రాసి ఉంది చూడండి. మీ నీడ దాని మీద పడింది. కొంచెం పక్కకి జరగండి."

మేడమ్ పక్కకి జరిగి మళ్లీ తీసింది. ఈసారి ఫెయిల్ అన్న మాట స్పష్టంగా వచ్చింది.